ఆగనన్న సర్వర్

వీరదుర్గది అంతర్వేది దగ్గర చేపలు పట్టుకుని బతికే కుటుంబం. ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. రాజమండ్రిలో ఓ చిన్న కంపెనీలో ఆరేళ్లుగా క్లౌడ్ సర్వర్లు చూసుకుంటోంది. సముద్రంలో బోట్లు ఎక్కడున్నాయో కనిపెట్టడం, గాలివాన వచ్చేలా ఉంటే వాటికి హెచ్చరిక పంపడం ఆ కంపెనీ పని. వాళ్ల నాన్న అమ్మిరాజు బోటు కూడా వాటిలో ఉంది.

ఆ అక్టోబరు మధ్యాహ్నం మేనేజరు ఉదయభాస్కర్ పాత సర్వర్‌ని ఆపేయమన్నారు. బోట్లన్నీ కొత్తదానికి మారిపోయాయని లిస్టు చెబుతోంది. దుర్గ స్టాప్ నొక్కింది. రెండు నిమిషాల్లో ఆగాల్సింది ఇరవై నిమిషాలైనా ఆగలేదు. తెర మీద ‘ఆగుతోంది’ అనే ఉంది. ఈలోగా వాతావరణ కేంద్రం నుంచి కబురొచ్చింది, సాయంత్రానికి సముద్రంలో ఈదురుగాలులని. కొత్త సర్వర్ నుంచి హెచ్చరికలు వెళ్లిపోయాయి.

“ఇంకా దాన్ని పట్టుకు కూర్చుంటావేంటమ్మా? ఫోర్స్ స్టాప్ కొట్టెయ్” అన్నారు ఉదయభాస్కర్.

అలా కొట్టడమంటే నడుస్తున్న మిషన్‌కి కరెంటు పీకేయడమే. దుర్గ వేలు మౌస్ మీదికి వెళ్లి ఆగింది.

“ఎందుకాగట్లేదో చూస్తానండి. ఐదు నిమిషాలివ్వండి సార్.”

సర్వర్ లోపల ఏం నడుస్తోందో చూపించే కన్సోల్ తెరిచింది. మిగతా ప్రోగ్రాములన్నీ ముగిశాయి. బోట్ల సమాచారం అందుకునేది ఒక్కటే ముగియట్లేదు. దానితో ఎవరో ఇంకా మాట్లాడుతున్నారు. ఎవరా అని చూస్తే పదకొండు బోట్లు. ఏడో వరుసలో నాన్న బోటు నంబరు.

దుర్గ కుర్చీ వెనక్కి తిప్పింది.

“సార్, పదకొండు బోట్లకి హెచ్చరిక వెళ్లలేదండి. వాటి మిషన్లలో ఇంకా పాత సర్వర్ అడ్రసే ఉంది. ఈ పాతదాంట్లో హెచ్చరిక పంపే ప్రోగ్రామేమో ముందే ఆగిపోయింది.”

ఉదయభాస్కర్ ముఖం పాలిపోయింది. “ఇప్పుడెలాగమ్మా?”

“పాత అడ్రసునే తీసి కొత్త సర్వర్‌కి తగిలిస్తానండి. అవే వచ్చి కలుస్తాయి.”

కలుస్తాయో లేదో ఆమెకి తెలియదు. అడ్రసు మార్చింది. నాలుగు నిమిషాలు ఏమీ లేదు. కిటికీ అవతల మబ్బు కమ్ముకొస్తోంది. అప్పుడు కొత్త సర్వర్‌లో ఒక బోటు కనబడింది, తర్వాత ఇంకొకటి. మూడోది నాన్నది. ఊపిరి పీల్చుకుంది, వెంటనే సిగ్గేసింది. ఇంకా ఎనిమిది ఇళ్లవాళ్లు హెచ్చరిక అందకుండా సముద్రంలోనే ఉన్నారు.

అరగంటలో పది కలిశాయి. కలిసినదానికల్లా హెచ్చరిక పంపుతూ వచ్చింది. మిగిలింది వీరాస్వామి బాబాయి బోటు. చిన్నప్పుడు దుర్గకి ఈత నేర్పింది ఆయనే. లోపల దేవుళ్లందరికీ మొక్కుకుంటూ తెర మీద ఆ బోటు ఖాళీ గడినే చూస్తూ కూర్చుంది. ఉదయభాస్కర్ వెనకే నిలబడ్డారు. ఇంకో తొమ్మిది నిమిషాలకి ఆ బోటూ కలిసి గడి పచ్చబడింది, వెంటనే హెచ్చరిక పంపింది.

పాత సర్వర్ ఎప్పుడాగిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

పొద్దు గూకే వేళకి అమ్మిరాజు ఫోన్ చేశాడు. “మెసేజొచ్చిందమ్మా, వలలు లాగేసి అందరం ఒడ్డుకొచ్చేశాం. ఇక్కడ గాలి నిలబడనివ్వట్లేదు.”

“వీరాస్వామి బాబాయో?”

“నా పక్కనే ఉన్నాడు. ఏంటమ్మా, గొంతలా ఉంది?”

“జలుబు నాన్నా” అంది దుర్గ.