మోనాల్ ఉన్న చల్లగది

ఆగస్టు వచ్చిందంటే దోహాలో ఏసీ పనివాళ్లకు ఊపిరాడదు. ఆ రోజు ఉమ్ ఘువైలినాలో రెండు మేడలెక్కి దిగాను. చొక్కా మీద ఉప్పు చారలు కట్టాయి. ఇంటికి పోయి పడుకుందామనుకుంటుండగా, ఊరి బయట ఒక తోటకు వెళ్లమని కంపెనీ నుంచి ఫోను.

ఆ తోట యజమాని ముచ్చటపడి మోనాల్ జంటను పెంచుతున్నాడు. హిమాలయాల్లో మంచు అంచున బతికే కోడిజాతి పక్షులవి. వాటికోసం కట్టించిన చల్లగదిలో ఏసీ ఆగిపోయింది. వాటిని చూసుకునే మనిషిది జగిత్యాల వైపు. నా గోదావరి యాస వినగానే, "మనోళ్లేనా అన్నా! జర జల్ది సూడుండ్రి" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు.

మగపక్షి నోరు తెరిచి రొప్పుతోంది. ఆడపక్షి ఐసుగడ్డల పళ్లెం పక్కన వాలిపోయి ఉంది. చూస్తే కంప్రెసరే కాలిపోయింది. కొత్తది తెమ్మని ఫోన్ చేసి, రెంటినీ అట్టపెట్టెల్లో మా వ్యాన్‌లోకి చేర్చి, ఏసీ పూర్తిగా పెంచాం. కాసేపటికే ఆడపక్షి చచ్చిపోయింది. అతను దాని మీద తడిగుడ్డ కప్పాడు.

"నా కంటె ముందు ఈడ నేపాలాయన ఉండె," అన్నాడు. "ఎండలు ముదిరితే ఇవి గుట్ట మీదికి ఎక్కుతయట. కింద వేడైన కొద్ది ఇంకింత పైకి, సలి ఉన్నకాడికి. మెత్తటి మన్ను తవ్వి ఏర్లు, గడ్డలు తింటయట. ఈడ బండలనే పొడుస్తున్నయి."

"కొండ చివర కూడా వేడెక్కితే?"

"నేను గదే అడిగిన. వాళ్ల దిక్కు మంచు ఏటికేడు పైకే పోతున్నదన్నడు."

కొత్త కంప్రెసర్ వచ్చాక బిగించాను, సాయంత్రానికి గది చల్లబడింది. తిరిగి లోపల వదిలితే మగపక్షి లేచి నిలబడి నేలను పొడవసాగింది. మట్టి పోయమన్నాను. దుమ్ముకు ఫిల్టర్లు పాడవుతాయని యజమాని ఒప్పుకోలేదన్నాడు. ఇంకో ఫిల్టర్ బిగిస్తానని ఆ యజమానికి ఫోన్‌లో నేనే చెప్పి ఒప్పించాను. మర్నాడు ఇద్దరం మూలన తడిమట్టి పోశాం. పక్షి అందులో ముక్కు గుచ్చి చాలాసేపు తవ్వింది.

మరుసటి వేసవిలో అతను ఫోన్ చేశాడు.

"పక్షి సచ్చిపోయిందన్నా. ఏసీ ఆగలే. గది సల్లగనే ఉండె. ఉత్తగనే తినుడు బంద్ చేసింది."

అప్పుడు నేను అల్ హిలాల్ పేటలో ఒక డాబా మీద ఏసీ బాగుచేస్తున్నాను. నీళ్లట్యాంకు నీడలో కూర్చుండిపోయాను. ఇంకా ఎంతసేపని ఆ ఇంటి యజమానురాలు కిందనుంచి కేకేసింది.