ఎర్త్ గుంతలో తడి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ఎన్ని వోల్టులని అడిగే రకం నేను. బోధన్‌లో ఉంటాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. హామ్ రేడియో నా పిచ్చి. లైసెన్సు ఉన్నవాళ్లం ఇంట్లో కూర్చునే దేశదేశాల వాళ్లతో మాట్లాడుకుంటాం. అలాంటి నేను చెబుతున్న సంగతి ఇది. నాకే నమ్మబుద్ధి కాదు.

మా ఆవిడ గంగమణి ఈ పిచ్చిని తిట్టుకుంటూనే సాకింది. రేడియో బాగా పలకాలంటే దాని తీగను నేలలో పాతిన ఎర్త్ గుంత తడిగా ఉండాలి. మాది నల్లరేగడి, ఎండాకాలం పగుళ్లు తీస్తుంది. రోజూ పొద్దుగూకే వేళ వాకిట్లో సాన్పు చల్లి, ఇంకో బకెట్టు నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి ఆ గుంతలో పోసేది. "నీ రేడియోకు దూప తీరిందా?" అని అడిగేది. ఆమె పోయి మూడో ఏడు నడుస్తోంది. ఇప్పుడు ఆ నీళ్లు నేనే పోస్తున్నాను, ఆ మాట అడిగేవాళ్లే లేరు.

ఆమె తమ్ముడు సాయిలు దుబాయ్‌లో ఉంటాడు. పడవలకు రంగులేసే పనికి పోయి, ఒక సేటు తెరచాప పడవ మీద పనికి కుదిరాడు. అక్క పోయినప్పుడు సెలవు దొరక్క రాలేకపోయాడు. కడసారి చూపు దక్కలేదని ఫోన్ చేసినప్పుడల్లా అనేవాడు.

ఆ సేటుకు సముద్రం దాటి ఆఫ్రికా పక్క దీవుల దాకా పోవాలని బుద్ధి పుట్టింది. పడవలో ఉన్న చిన్న రేడియో కనుచూపు మేర దాటితే పలకదు. శాటిలైట్ ఫోన్ కొనాలా, దూరం పలికే మెరైన్ రేడియో పెట్టాలా తేల్చమని సాయిలు నన్ను అడిగాడు. పోయేది వాళ్లిద్దరే. నడిసముద్రంలో ఏమైనా అయితే ఆ డబ్బాయే దిక్కు. తేల్చేదాకా నాకు అన్నం సయించలేదు.

చివరికి రేడియోకే ఓటేశాను. ఫోన్ అయితే నువ్వు నొక్కిన నంబరు ఒక్కటే మోగుతుంది, అవతలివాడు ఎత్తకపోతే అంతే సంగతులు. రేడియోలో పిలిస్తే వింటున్నవాళ్లు ఎవరైనా పలుకుతారు అని చెప్పాను. తెరచాప కొయ్యను పట్టి ఉంచే ఇనుప తీగనే యాంటెన్నాగా వాడుకోమన్నాను. ఎర్త్ కోసం వాడికి గుంత అక్కర్లేదు, చుట్టూ ఉప్పునీళ్లే. గంగమణి ఉన్నప్పుడే పోరుపెట్టి వాడిచేత హామ్ పరీక్ష రాయించింది, అదీ కలిసొచ్చింది.

బయలుదేరాక రోజూ పొద్దుగూకే వేళ పిలిచేవాడు. ఆ సమయానికి దూరపు మాటలు బాగా అందుతాయి. నేను చాలా ముందే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాణ్ని. నిజం చెప్పాలంటే రోజు మొత్తంలో నాతో మాట్లాడే మనిషి వాడొక్కడే.

ఒకరోజు పొద్దున నా బ్యాటరీ చచ్చిపోయింది. ఆ రకం ఇక్కడ దొరకలేదు. పాతది ఊడదీసి పట్టుకుని, గేటుకు తాళం వేసి నిజామాబాద్ బస్సెక్కాను. కొత్తది ఛార్జింగ్ అయ్యేసరికి మరునాడవుతుందన్నాడు షాపాయన. మా అక్క ఇంట్లో ఉండిపోయాను. సముద్రం మీద ఉన్నవాడికి కబురు చెప్పే దారి లేదు. ఆ సాయంత్రం గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.

మరునాడు ఇంటికొచ్చి తాళం తీస్తే ఎర్త్ గుంత తడిగా ఉంది. ముందురోజు నేను నీళ్లు పోయలేదు. వాన లేదు, చుట్టూ నేల ఎండి పగిలే ఉంది. పైపు కారుతోందేమోనని చూశాను, ఆ పక్క పైపే లేదు. గోడ దూకి వచ్చి నీళ్లు పోసిపోయే దొంగ ఎక్కడా ఉండడు.

సాయంత్రం సాయిలు పిలిచాడు. గొంతు బొంగురుపోయింది. సేటు జ్వరంతో పడిపోతే వాడొక్కడే నిద్ర లేకుండా చుక్కాని పట్టుకున్నాడట.

"నిన్న నువ్వు పలుకలే బావా. పిలిసి పిలిసి చుక్కాని మీదనే ఒరిగిన. రేడియోల అక్క పలికింది."

హెడ్‌ఫోన్లు చెవులకు గట్టిగా అదుముకున్నాను.

"అక్క లేదని నాకెర్కనే. గని ఆమె గొంతు నాకెర్క లేదా? అన్నం తిన్నవా తమ్మీ అన్నది. పండకు, లేసి సూడు అన్నది. లేసి సూస్తే ఎదురుంగ పెద్ద ఓడ. నేను తిప్పేసరికి పక్కపొంటి పోయింది."

నిద్ర లేకపోతే చెవుల్లో లేనిపోనివి వినిపిస్తాయని పాఠం చెప్పాను. వాడు ఓపిగ్గా విన్నాడు.

"మరి బావ ఇంట్ల లేడు, బ్యాటరి తేనీకి నిజామాబాద్ పోయిండని గూడ అక్కనే జెప్పింది. నిజమేనా బావా?"

నిజమేనని చెప్పాను. ఆ రోజుకు రేడియో ఆపేశాను.

వాళ్లు క్షేమంగా ఒడ్డు చేరారు. సాయిలు మళ్లీ దుబాయ్‌లో ఉన్నాడు. చూపు దక్కకపోయినా మాట దక్కింది అంటాడు.

నాకు భయం వేయలేదు. కుళ్లు పుట్టింది, దాచుకోవడమెందుకు. వింటున్నవాళ్లు ఎవరైనా పలుకుతారని వాడికి చెప్పింది నేను. రోజూ నీళ్లు పోసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆమెను పేరు పెట్టి పిలిచేది కూడా నేనే. గరగర తప్ప ఏమీ వినిపించదు. నాకు వచ్చిన ఏ లెక్కలోనూ ఆ సాయంత్రం ఇమడదు.

ఒక్కోరోజు కావాలని బ్యాటరీ తీగలు ఊడదీసి, గుంతలో నీళ్లు పోయకుండా, గేటుకు తాళం వేసి బస్టాండుకు పోయి కూర్చుంటాను. నేను ఇంట్లో లేనప్పుడే వస్తుందేమోనని. కాసేపయ్యాక తిరిగొచ్చి గుంతలో చెయ్యి పెట్టి చూస్తాను. పొడిగానే ఉంటుంది.