బంగళా గూట్లో పెట్టిన కొంగ

మా అత్తవారిది ఏలూరులో తివాచీలు నేసే ఇల్లు. పగలంతా మగ్గం ముందు కూర్చుని, ఎవరో గీసిన పూలకి ఉన్ని ముళ్ళు వెయ్యడమే నా బతుకు. తెగిపడిన ఉన్ని ముక్కలు పోగుచేసి, చిన్న చట్రం మీద కొల్లేటి కొంగల్ని మాత్రం నా ఇష్టమొచ్చినట్టు నేసుకునేదాన్ని. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే.

"నమాజు చేసుకునే ఇల్లమ్మా ఇది. ప్రాణమున్న బొమ్మలు ఉండకూడదు" అనేవారు అత్తగారు.

అందుకని తాడేపల్లిగూడెంలో పుట్టింటికి కాలవ మీద పడవలో వెళ్ళేటప్పుడు వాటిని బట్టల మూటలో దాచి తీసుకుపోయేదాన్ని. గుండుగొలను దగ్గర పడవ లాగేవాళ్ళు అన్నాలకి ఆగేవారు. గట్టుమీద పాడుబడ్డ కాలవ బంగళా ఉండేది. సగం కప్పు కూలిపోయి గబ్బిలాల పాలైంది. దాని గోడ గూట్లో ఒక కొంగను పెట్టి వచ్చేదాన్ని. వానకి ఎవరైనా లోపలికి దూరితే, ఒక్కసారి చూసి బాగుందనుకుంటే చాలు. ఎవరు నేశారో తెలియక్కర్లేదు. వెర్రిదాన్ని, అలాగే అనుకునేదాన్ని.

చివరి కొంగకి ఎర్ర ఉన్ని చాల్లేదు. ఒక కాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. దాన్నీ అలాగే పెట్టేశాను. మళ్ళీ వెళ్ళేసరికి గూడు ఖాళీ. ఎవరికో నచ్చిందని దారంతా నవ్వుకున్నాను.

నచ్చింది మాకు ఉన్ని ఇచ్చి తివాచీలు నేయించుకునే షావుకారు దగ్గరి మేస్త్రీకి. నేను కోరుకున్నట్టే వానకి ఆ బంగళాలో దూరాడట. నా కొంగను తెచ్చి మా మగ్గానికే మేకు కొట్టి తగిలించాడు. దొరలకి పంపే తివాచీ నిండా అవే రావాలన్నాడు. మరి బొమ్మల సంగతేమిటని అత్తగారిని అడిగాను.

"కాళ్ళకింద తొక్కేదానికి దోషం లేదులే" అన్నారు.

ఈసారి ఉన్నికి కొదవలేదు. మొదటి వరసలో కొంగలన్నిటికీ రెండు కాళ్ళూ నిండుగా నేశాను. మేస్త్రీ చూసి మండిపడ్డాడు.

"మాదిరిలో ఒక కాలు పొట్టిగా ఉందా లేదా? నీ సొంత తెలివి ఎవరడిగారమ్మా?"

"ఆ మాదిరి నేను నేసిందేనండీ. ఉన్ని చాలక కాలు ఆగిపోయింది."

అతను పకపకా నవ్వాడు. "అయితే నీ కొంగను నువ్వే తప్పు నేశావన్నమాట. విప్పు."

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. నాకు ఏడుపు కూడా రాలేదు, ఒళ్ళు మండిపోయింది. అత్తగారు కత్తెర నా ముందుకి తోశారు. వరసలో ఉన్న కొంగలన్నిటికీ ఒక్కో కాలు మోకాలిదాకా నా చేత్తోనే పీకేశాను.