పీపా రుచి లేని బీరు

మా పక్కింటి విల్ఫ్ టనిక్లిఫ్ డెబ్బై తొమ్మిదో పుట్టినరోజుకి వాళ్ళమ్మాయి గ్లెనిస్ ఇంట్లో బీరు చేసుకునే కిట్ తెచ్చింది. అట్టపెట్టె మీద "అసలు సిసలు ఓక్ పీపా రుచి" అని ఇంతింత అక్షరాలు. లోపల ఓ డబ్బాడు మాల్ట్ పాకం, ఈస్టు పొట్లం, ఇంకో పొట్లంలో చెక్కముక్కలు. అవును, చెక్కముక్కలే! బీరుకీ పీపాలకీ పేరుపడ్డ మా బర్టన్ ఊళ్ళో వాటిని డబ్బులిచ్చి కొనుక్కునే రోజులొచ్చాయి.

విల్ఫ్ పొట్లం వాసన చూశాడు. "ఇదేంటే గ్లెనీ, వడ్రంగి షెడ్డు ఊడ్చి కట్టారా?"

"ఓక్ చెక్క నాన్నా. బీరులో నానేస్తే పీపాలో ఉంచిన రుచొస్తుందట."

"పీపాకి రుచేంటే? ఏ వెధవ చెప్పాడు?"

ఆ కోపం ఎందుకో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు పబ్బులో బీరు పోసినదాన్ని. విల్ఫ్ పదిహేనో ఏట నుంచీ ఇరవయ్యారేళ్ళు ఊళ్ళో బీరు తయారుచేసే బ్రూవరీలో ఓక్ పీపాలు కట్టాడు. కొత్త పీపాలో సలసల కాగే నీళ్ళూ ఉప్పూ సోడా పోసి, పారబోసి, మళ్ళీ పోసి, చెక్క వాసన చచ్చేదాకా కడిగేవాళ్ళు. బీరుకి చెక్క రుచి అంటిందంటే పీపా వెనక్కొచ్చేది, కట్టినవాడి పేరు మేస్త్రీ అందరి ముందూ చదివేవాడు. బాగా కట్టినవాడికో? ఏమీ లేదు. మెచ్చుకోవడం అక్కడ ఇంటా వంటా లేదు. విల్ఫ్ పేరు ఒక్కసారి కూడా చదవలేదు.

"అంటే బాగా కట్టినట్టేగా?" అనేదాన్ని.

"ఏమో తల్లీ, ఎవరూ చెప్పలేదుగా," అనేవాడు.

తర్వాత లోహపు పీపాలొచ్చాయి. ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆ ఏడాదే పట్టుదలకొద్దీ తనకోసం ఓ చిన్న పీపా కట్టుకుని షెడ్డులో పెట్టాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ నింపలేదు. నింపితే బాగుందో లేదో తేలిపోతుందని భయం. మగాడు కదా, బయటికి చెప్పడు, నేనే కనిపెట్టాను.

ఆ సెప్టెంబరులో మా తోటల సంఘం పోటీలు. గుమ్మడికాయలు, ఉల్లిపాయలు, జాం, ఇంటి బీరు. బీరు మాత్రం అందరూ అదే కిట్‌తో చెయ్యాలన్నారు. రుచి చూసి తేల్చేది క్లైవ్ ఆర్మ్. ఇన్సూరెన్సు కంపెనీలో రిటైరయ్యాక రెండ్రోజుల కోర్సు చేసి బీరు పండితుడైపోయాడు. తోలు ఏప్రన్ కట్టుకుని తిరుగుతాడు, దానికి ఇంతవరకూ ఓ గీతైనా పడలేదు.

విల్ఫ్ చెక్కముక్కల్ని గులాబీ మొక్కల మొదట్లో పోశాడు. షెడ్డులోంచి పీపా దించి, నానబెట్టి, కట్లు బిగించి, వారం రోజులు మరిగే నీళ్ళతో కడిగాడు. అడ్డమైన చోటల్లా ముక్కు పెట్టి వాసన చూశాడు. బీరు బకెట్లో పులిశాక ఆ పీపాలోకి ఒంపాడు. ఆ మూడు వారాలూ మనిషి సరిగ్గా తిన్లేదు.

"చెక్క రుచొస్తే ఏం చేస్తావు?" అన్నాను, నా నోరు ఊరుకోక.

"ఇరవయ్యారేళ్ళూ దండగనుకుంటాను," అన్నాడు.

పోటీ రోజున గుడారంలో క్లైవ్ గ్లాసు తిప్పాడు, పైకప్పుకేసి చూశాడు, పుక్కిలించాడు. మొదటి బహుమతి బీరు నేనూ తాగాను. తలుపు నాకినట్టుంది! తర్వాత క్లైవ్, విల్ఫ్ బీరు గురించి తను రాసిన అట్టముక్క తీసి గట్టిగా చదివాడు: "శుభ్రంగా, తేటగా ఉంది. కానీ పీపా రుచి ఏ కోశానా లేదు. ఓక్ ఆనవాలే తెలియలేదు. తయారుచేసినవారు పీపాల గురించి కాస్త నేర్చుకోవాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గుడారం మొత్తంలో నిజంగా ఓక్‌లో పడుకున్న బీరు అదొక్కటే! "ఇదుగో క్లైవూ, నువ్వు పాలసీలమ్ముకునే రోజుల్లో..." అని లేచాను.

విల్ఫ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మెల్లగా బల్ల దగ్గరికెళ్ళాడు. "ఇంకోసారి చదవండి సార్."

క్లైవ్ ఇబ్బందిపడ్డాడు. "బాధపడకండి, మొదటిసారి కదా..."

"ఆ ముక్కొక్కటే."

"పీపా రుచి ఏ కోశానా లేదు."

"ఓక్?"

"ఆనవాలే లేదండీ. క్షమించాలి."

"కింద సంతకం పెట్టండి. తేదీ కూడా వెయ్యండి."

క్లైవ్ సంతకం చేసి, పాపం ముసలాయన అన్నట్టు భుజం తట్టాడు. "వచ్చే ఏడు చెక్కముక్కలు మర్చిపోకండేం."

ఇంటికొచ్చే దారంతా విల్ఫ్ ఆ అట్టని రెండు చేతులా పట్టుకునే నడిచాడు. బ్రూవరీ గోడ పక్కకి రాగానే ఆగిపోయాడు.

"బాగానే కట్టానే తల్లీ," అన్నాడు. "బాగానే కట్టాను."