అల్ ఐన్ బస్సును ఆపిన గుడ్డు

ఉదయం ఆరు నలభైకి అల్ గుబైబా బస్టాండులో అల్ ఐన్ బస్సెక్కాం. తర్వాత వెళ్లేవారికి ముందే చెబుతున్నాను: బస్సు ఛార్జీ కట్టే నోల్ కార్డులో డబ్బులుండాలి, బస్సులో ఏమీ తినకూడదు. ఈ రెండో నియమమే మా కొంప ముంచబోయింది.

నాతో వచ్చింది ఖాదర్ భాయ్. కడప మనిషి, ఏసీ మెకానిక్, కరామాలో మేముండే గదిలో నా పక్క బెడ్డు. పోయినేడు ఏసీని ఒంటిభుజం మీద మూడంతస్తులు మోసినవాడు ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని బస్సెక్కాడు. క్లోమంలో కేన్సరు. గడ్డ నొక్కి పైత్యం దిగే నాళం మూసుకుపోతే ఒళ్లంతా పచ్చబడింది. అల్ ఐన్ ఆసుపత్రిలో అందులో స్టెంటు, అంటే సన్నని గొట్టం, వేశారు. కీమో ఎప్పుడు మొదలుపెడతారో ఈ రోజు చెబుతారు.

పక్కసీటు హైదరాబాదు పెద్దాయన జబ్బేమిటని అడిగాడు.

"డ్రెయిన్ పైపు జామయింది సార్. కొత్త పైపేసినారు, ఖలాస్," అన్నాడు ఖాదర్ భాయ్.

ఆయన వెంటనే తన ఇంట్లో నీళ్లు కారుతున్న ఏసీ సంగతి ఎత్తుకున్నాడు. ఎనిమిదీ యాభైకి అల్ ఐన్ చేరేదాకా రోగి సలహాలిస్తూనే ఉన్నాడు.

పదింటికి డైటీషియన్ మేడమ్ పిలిచింది. విజయవాడ అమ్మాయే. ఖాదర్ భాయ్‌కి చేతిబలం కొలిచే పిడి ఒకటి ఇచ్చి గట్టిగా పిండమంది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.

"ఏం తింటున్నారండీ?"

నేనే గర్వంగా చెప్పాను. "గంజి, మజ్జిగన్నం, ఉప్పులేని బీరకాయ. నలభై రోజులుగా నూనె చుక్క తగలనీలా మేడమ్!"

కామెర్లంటే పథ్యం పెట్టకుండా ఉంటామా? ఆయన నోరూరకూడదని గదిలో మిగతా ఐదుగురూ చేపల పులుసు మెట్ల మీద దొంగల్లా తినేవాళ్లు.

"గొట్టం తెరిచాక ఇంకా పథ్యమేంటండీ? ఒంటిని జబ్బు సగం తింటే మీ పథ్యం సగం తింది, కండంతా పోయింది. రెండు వారాల్లో బలం పుంజుకుంటేనే డాక్టరుగారు కీమో ఇస్తారు," అంది. రెండు గంటలకోసారి తినాలి, తిండితోపాటు అరిగించే మాత్ర, తినే ముందు ప్రతిసారీ పదిసార్లు లేచి కూర్చోవాలి.

మనిషిని నేనే ఎండగట్టాను.

ఒంటిగంటకు క్యాంటీనులో సగం బిర్యానీ తిన్నాడు. ఉడికించిన గుడ్లు నాలుగు కట్టించుకుని రెండింటి బస్సెక్కాం. మూడింటికి, తిని రెండు గంటలైందని, ఫోనులో అలారం మోగింది. ఖాదర్ భాయ్ సీటు పట్టుకుని లేవడం, కూర్చోవడం మొదలుపెట్టాడు.

"బైఠో భాయ్!" అని పెషావర్ డ్రైవరు అరిచాడు. పదోసారి అయ్యాక గుడ్డు బయటికొచ్చింది. "ఖానా మనా హై!"

ఆసుపత్రి కాగితం తీసుకెళ్లి చూపించాను. అతను చదవలేదు, ముద్ర చూశాడు, ఖాదర్ భాయ్ పుల్లలాంటి మణికట్టు చూశాడు. తర్వాతి స్టాపులో బస్సాపి, "యల్లా, జల్దీ," అన్నాడు.

ఎండలో ఆయన తింటుంటే ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ దిగొచ్చి గొడుగు పట్టింది. బస్సంతా అద్దాల్లోంచి చూస్తోంది.

"ఖలాస్?" అన్నాడు డ్రైవరు.

"ఇంకొకటి," అన్నాడు ఖాదర్ భాయ్.

బస్సు రెండో గుడ్డుకీ ఆగింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆయన కోసం చేసింది అది. అన్నీ తెలిసిన నేను చేసింది గంజి.

బస్సు కదిలాక ఉండబట్టలేక అడిగాను. "నలభై రోజులు ఆ గంజి ఎట్టా తాగావు భాయ్? ఒక్కసారన్నా వద్దనలేదే?"

ఆయన మిగిలిన రెండు గుడ్ల పొట్లాన్ని జేబులో సర్దుకున్నాడు.

"డ్యూటీ నుంచి వచ్చి, గుడ్డలు కూడా మార్చుకోకుండా వండుతాంటివి గదప్పా. వద్దని ఎట్ల జెప్పేది?"