బాపు తర్జుమా చేసిన సినిమా

మొన్న మా బిడ్డ ఇంట్లో టీవీలో ఏదో హిందీ సినిమా పెట్టారు. కింద తెలుగు అక్షరాలు గబగబా మారుతుంటే నలుగురూ నోరు మెదపకుండా చదువుకుంటూ కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. సినిమా అంటే అంత నిశ్శబ్దంగా చూసేదా? మా చొప్పదండిలో డేరా టాకీసు దిగిన రోజుల్లో మా నాన్న, అదే మా బాపు, గొంతు లేకుండా నేను హిందీ సినిమా చూసి ఎరగను. ఆ గొంతుతో పడ్డ యాతన కూడా అంతా ఇంతా కాదు.

వరికోతలయ్యాక, చలి ముదరకముందే డేరా వేసేవారు. ఇసుక మీద పరుచుకున్న చాపలు, కాళ్ల కింద పల్లీల పొట్టు, బీడీల పొగ, జనరేటరు చమురు వాసన, ఆడవాళ్లకూ మగవాళ్లకూ నడుమ కట్టిన గోనెపట్టా. ఉర్దూ బడిలో చదివిన బాపు అటువైపు కూర్చొని, ఇటువైపు నా పక్కనున్న అవ్వ కోసం, అంటే మా అమ్మ కోసం, ప్రతి మాటనూ తెలుగులో అరిచి చెప్పేవాడు. తెర మీద రెండు మాటలంటే ఈయన నాలుగు కలిపేవాడు. నేను దిద్దబోతే, "నీకేం తెలుసే, జర ఊకో" అని పట్టా అవతలి నుంచే కసిరేవాడు.

ఒకసారి వచ్చిన సినిమాలో ఒక గుమాస్తా కుటుంబం ఒక్క గదిలో ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ సొంతిల్లు కట్టుకోవాలని కలలు కంటుంది. మాదీ అదే తంతు. ముందుగదినంతా బాపు మగ్గం ఆక్రమిస్తే, వెనక చీకటి గదిలో అవ్వ వంట. ఆ గదికి కిటికీ లేదు. పొగకు అవ్వ కళ్లు ఎప్పుడూ ఎర్రగా, నీళ్లు కారుతూ ఉండేవి. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. "గోడకు ఓ కిడికి పెట్టియ్యరాదు" అని ఆమె ఏళ్లుగా అడుగుతోంది. తాత కట్టిన మట్టిగోడ, ముట్టుకుంటే కూలుతుందని ఒకసారి, దసరా గడవనీ అని ఒకసారి బాపు దాటవేస్తూనే ఉన్నాడు.

తెర మీద భార్య, కిటికీలున్న వంటిల్లు కావాలని మొగుడి మీద విరుచుకుపడింది. హిందీలో అత్తెసరు మార్కులతో గట్టెక్కే ఏడో తరగతిదాన్ని, నాకే అర్థమైంది. బాపు మాత్రం, "ఉన్నదాంట్లనే సదురుకుందాం అంటుంది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆమె చేతిలోని గరిటెను నేలకేసి కొట్టింది.

"సదురుకునేటామె గంటె ఎందుకు ఇసిరిందిరా?" అని మా పక్కనున్న ముసలి రాజవ్వ కేకేసింది. ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. అవ్వ నవ్వలేదు.

ఇంతా చేసి, ఆ సినిమా తీసినవాళ్లకు చివర్లో ఏం రోగమొచ్చిందో, ఆ భార్య మొగుడి చెయ్యి పట్టుకొని, ఈ గదే మన మహలు, ఇంకేమీ వద్దు అంది. బాపు పొంగిపోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు.

దారిలో అవ్వ నన్ను వెనక్కి లాగింది. "నువ్వు చెప్పు బిడ్డా, ఆఖరికి ఆమె ఏమన్నది?"

ఆమె కళ్లు చూశాను. "కిడికీలున్న ఇల్లే కావాలన్నదవ్వా. కట్టిచ్చుకున్నది గూడ" అన్నాను.

తెల్లారి అవ్వ పొయ్యిని ముందుగదిలోకి మోసుకొచ్చి, మగ్గం పక్కనే పెట్టి, పచ్చికట్టెలు ఎగదోసింది. సాగదీసి కట్టిన తెల్లటి నూలు మీదికి పొగ కమ్ముకుంటుంటే బాపు మగ్గం గుంటలోంచి ఎగిరి లేచాడు.

"ఏమైందే నీకు, నూలంత ఖరాబైతది!"

"నూలుకు పొగ వట్టద్దు, నా కండ్లకు వట్టచ్చునా?"

మధ్యాహ్నానికల్లా బాపు గడ్డపార పట్టాడు. గోడ కూలలేదు.

ఇప్పుడు డేరా లేదు, మగ్గం లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లూ పోయింది. "ఆఖరి మాట నేను నిజమే చెప్పిన, ఎవ్వలు నమ్మలే" అని బాపు బతికినన్నాళ్లూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ల దగ్గరా మొరపెట్టుకునేవాడు, వినలేక చచ్చేవాళ్లం. నిజమే, బాపు నిజమే చెప్పాడు. అవ్వ లేచొచ్చి మళ్లీ అడిగినా నేను మాత్రం ఆ అబద్ధమే చెబుతాను.