ఎర్ర లాప్‌టాప్ మీద సూదిగీత

చిలకలపూడి రోల్డ్‌గోల్డు పనివాళ్ళలో నాగుల్ మీరా పూత మనిషి. అచ్చులు కొట్టేవాళ్ళు, అతుకులు వేసేవాళ్ళు, రాళ్ళు పొదిగేవాళ్ళు అందరూ అయ్యాక వస్తువు ఆయన తొట్టి దగ్గరికి వస్తుంది. రాగి గాజు అందులో మునిగి, బంగారు గాజై పైకి లేస్తుంది. ముప్పై ఏళ్ళుగా అదే పని. కుడిచేతి బొటనవేలి గోరు నల్లబడిపోయింది. ఎంత తోమినా పోదు.

అందరి చొక్కా జేబులో పెన్ను ఉంటే ఆయన జేబులో సూది ఉంటుంది, బెండు ముక్కకు గుచ్చి. ఎవరైనా గొలుసు తెచ్చి "కాస్త చూడు మీరా" అంటే, కొక్కెం లోపలివైపు, ఎవరి కంటా పడని చోట సూదిమొనతో ఒక్క గీత గీస్తాడు. కింద రాగి బయటపడటానికి ఎంత బలం పట్టిందో ఆ చేతికి తెలుస్తుంది. అదే తీర్పు. అవనిగడ్డ, నాగాయలంకల నుంచి వచ్చే గాజుల బేరగాళ్ళు దానికి ఎదురు చెప్పరు. ఇంట్లోవాళ్ళూ అంతే. గిన్నె కొన్నా, తాళంకప్ప కొన్నా ఆయన చెయ్యి వేసి "ఊఁ" అనాల్సిందే.

కూతురి లాప్‌టాప్ సంగతి ఆయన నాకు ఒక్కసారిగా చెప్పలేదు. రెండుసార్లు మొదలుపెట్టి, "ఇంకేముందండీ, నల్లది కొనుక్కుని వచ్చేశాం" అని టీ గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. మూడోసారి మాత్రం లేవలేదు.

2009లో ఆయన కూతురు రేష్మా గుడివాడలో ఎం.సి.ఏ. చదువుతోంది. రోజూ బందరు నుంచి బస్సు. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు సొంత లాప్‌టాప్ లేకపోతే కుదరదని కాలేజీలో చెప్పారు. ఒక శనివారం తండ్రీకూతుళ్ళు గుడివాడలోనే ఏలూరు రోడ్డులో జనార్దనరావుగారి కంప్యూటర్ల కొట్టుకు వెళ్ళారు. బల్ల మీద నాలుగు వరసగా పెట్టి ఉన్నాయి. మూడు నల్లవి. ఒకటి ఎర్రది. దానిమ్మ గింజ ఎరుపు.

రేష్మా తిన్నగా ఎర్రదాని దగ్గరికి వెళ్ళింది. మూత మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది. తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"అదేంటమ్మా, తలుపులా తీసి వేస్తున్నావు. లోపల ఏముందో అడగవా?" అన్నాడు నాగుల్ మీరా.

"అడిగాను నాన్నా. నాలుగింటిలోనూ ఒకటేనంట. అందుకే రంగు చూస్తున్నా."

"నిజమేనండీ," అన్నాడు జనార్దనరావు. "సరుకంతా ఒకటే. కాకపోతే ఎర్రది ఆ ఒక్క పీసే ఉంది. ఇంకోటి రావాలంటే ఇరవై రోజులు పడుతుంది."

"ఇంకోటి ఎందుకండీ? ఇదే బాగుంది," అంది రేష్మా. వాళ్ళమ్మకు ఫోన్ చేసి "ఎర్రదమ్మా, చూస్తావుగా" అని కూడా చెప్పేసింది. ఆ పిల్ల అంత గబుక్కున ఏదీ కోరుకోవడం నాగుల్ మీరా అంతకుముందు చూడలేదు. బట్టలైనా, పుస్తకాలైనా "ఏదైనా పర్లేదు నాన్నా" అనే మనిషి.

జనార్దనరావు బిల్లు పుస్తకం కోసం లోపలికి వెళ్ళాడు. రేష్మా ఎదురు గోడకు వేలాడుతున్న బ్యాగుల్లో దీనికి నప్పేదేదో వెతుకుతోంది. నాగుల్ మీరా చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"నేను అనుకుని చేసింది కాదండీ. కొత్త వస్తువు చేతిలో పెడితే చెయ్యి అటే పోతుంది," అన్నాడు నాతో.

మూత చివర, మడత దగ్గర, చిన్నగా ఒక గీటు. రాగి మీద అలవాటైన బలమే వాడాడు. అది రాగి కాదు. సూది జర్రున జారి బొటనవేలంత పొడుగున గీసేసింది. ఎర్రటి మూత మీద తెల్లటి చార. వేలితో రుద్దాడు, పోలేదు. పక్కనున్న రేట్ల కాగితం తీసి దాని మీద పెట్టాడు.

జనార్దనరావు పుస్తకంతో తిరిగి వస్తున్నాడు. చదువులేనివాడు వచ్చి కొత్త సామాను గీసేశాడని కూతురి ముందు అంటాడు. రోజూ ఈ రోడ్డు మీదే కాలేజీకి నడిచే పిల్ల. ఆ క్షణంలో ఆయనకు తోచింది అదొక్కటే.

"ఇది వద్దమ్మా," అన్నాడు.

"ఏం నాన్నా?"

"పైపూత. నాలుగు రోజుల్లో తేలిపోతుంది. నల్లది తీసుకో, గట్టిగా ఉంది."

"అదేంటండీ, కంపెనీ మాలు," అన్నాడు జనార్దనరావు.

"కంపెనీదైనా పూత పూతేనండీ. ముప్పై ఏళ్ళనుంచి నేను చేసేది అదేగా."

జనార్దనరావు నవ్వాడు. "చిలకలపూడివాళ్ళకు నేనేం చెప్పగలను బాబూ. మీ ఇష్టం."

రేష్మా ఎర్రదాని వంక ఒకసారి చూసింది. "మెరిసేసరికి పడిపోయాను కదా నాన్నా," అంది.

"అవునమ్మా," అన్నాడు ఆయన.

"గీత పడింది చేతి తప్పండీ. ఆ 'అవును' మాత్రం నోటి తప్పు," అన్నాడు నాగుల్ మీరా నాతో.

ఇంటికి వచ్చాక వాళ్ళమ్మ ఖైరున్ బీ డబ్బా తెరిచి చూసి, "నల్లదేంటే? ఎర్రదన్నావుగా ఫోన్లో?" అని కూతుర్ని అడిగింది.

"నాన్న చూసి చెప్పాడమ్మా."

"ఆయన చూశాడంటే ఇంక మాటేముంది," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాగుల్ మీరా కాళ్ళు కడుక్కునే నెపంతో దొడ్లోకి వెళ్ళి అక్కడే నిలబడ్డాడు.

రేష్మా అలగలేదు. అలిగితే బాగుండేది అంటాడు ఆయన. నల్లదాన్ని చూపించి, "నాన్నా, నీ లాప్‌టాప్ అక్కడ ఛార్జింగులో ఉంది, నీళ్ళు పడేస్తావు" అనేది. అందులో ఎత్తిపొడుపు లేదు. మామూలుగానే అనేది. చెప్పులు కొనడానికి రమ్మంది. వెళ్తే, "నువ్వే చూడు నాన్నా, నేను తళుకు చూసి తీసేసుకుంటాను" అని పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. వాళ్ళ పెద్దమ్మ చీరల దుకాణంలో "ఏది బాగుందే?" అని అడిగితే, "నాకు తెలీదు పెద్దమ్మా, నా కంటికి పూతే ఆనుతుంది" అందట. అందరూ నవ్వారు. నాగుల్ మీరా కూడా నవ్వాల్సి వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే కాగితం పట్టుకుని వచ్చింది. ప్రాజెక్టుకు మూడు అంశాలిచ్చారట, ఒకటి ఎంచుకోవాలట. "పేర్లు చదువుతాను నాన్నా. ఏది గట్టిదో చెప్పు."

"నేను ఐదో తరగతి అమ్మా. నాకేం తెలుస్తుంది?"

"వస్తువు తెలుస్తుందిగా నీకు. నాకు ఒకటి నచ్చిందిలే. నాకు నచ్చిందంటేనే అనుమానంగా ఉంది."

ఆ రోజు ఆయన తొట్టి దగ్గరికి వెళ్ళలేదు. మధ్యాహ్నం గుడివాడ బస్సెక్కి జనార్దనరావు కొట్టు ముందు దిగాడు.

"ఆ ఎర్రది ఉందాండీ?"

"ఎప్పుడో పోయిందండీ. దాని మీద ఏదో గీత పడింది. స్టిక్కరు అంటించి ఇచ్చేశాం. మొవ్వ నుంచి వచ్చిన కాలేజీ కుర్రాడు తీసుకెళ్ళాడు. స్టిక్కరు బాగుంది, ఇంకోటి ఇవ్వమన్నాడు కూడా."

"ఆ గీత నేనే గీశానండీ."

జనార్దనరావు కళ్ళజోడు తీసి చూశాడు. "ఆ రోజే చెప్పొచ్చుగా. మీ అమ్మాయికే ఆ స్టిక్కరేదో వేసి ఇచ్చేవాణ్ణి. మీరు మరీనండీ," అని మళ్ళీ తన పనిలో పడిపోయాడు. తిడతాడని గుండె చిక్కబట్టుకుని వెళ్ళినవాడికి ఆ తేలికమాట తిట్టు కన్నా బరువుగా తగిలింది.

కాలేజీ వదిలేదాకా బస్టాండులో కూర్చుని, కూతురితో కలిసి బందరు బస్సెక్కాడు. గుడ్లవల్లేరు దాటాక చెప్పాడు. సూది, గీత, కాగితం కింద దాచడం, ఇవాళ కొట్టుకు వెళ్ళడం, అంతా.

రేష్మా మధ్యలో ఆపకుండా వింది. "ఎంత గీత?" అంది చివరకు.

ఆయన బొటనవేలు చూపించాడు.

"గీత ఉన్నా తీసుకునేదాన్ని నాన్నా."

ఆ పిల్లే మళ్ళీ అడిగింది. "మరి నల్లది గట్టిదన్నావు. అదీ గీసి చూశావా?"

"లేదమ్మా. అక్కణ్ణుంచి బయటపడాలని అన్నాను."

"అయితే నాకు నచ్చింది నాసిరకమని నీకూ తెలీదు."

"తెలీదమ్మా. అది తప్పుడు మాట."

పెడన వచ్చింది, పోయింది. రేష్మా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఏడుస్తోందేమోనని ఆయన వంగి చూడబోయి ఆగిపోయాడు.

బందరు బస్టాండులో దిగాక, "నువ్వు ఇంటికెళ్ళు నాన్నా. కోనేరు సెంటర్లో గొడుగు కొనుక్కుని వస్తాను," అంది.

"నేనూ వస్తానమ్మా, వానొచ్చేలా ఉంది."

"వద్దు. నేను చూసుకుంటాను."

ఆమె జనంలో కలిసిపోయేదాకా నాగుల్ మీరా అక్కడే నిలబడ్డాడు. వెనకాలే వెళ్ళాలని ఉందట, వెళ్ళలేదట.

క్షమించానని రేష్మా ఎప్పుడూ అనలేదు. ఆయనా అడగలేదు. ప్రాజెక్టుకు మాత్రం తనకు నచ్చిన అంశమే రాసిచ్చి వచ్చింది. ఆ గొడుగు ఎలా ఉందని నేనడిగితే నాగుల్ మీరా చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అస్సలు బాగాలేదండీ," అన్నాడు. ఆ మాట ఇంట్లో ఇంతవరకు అనలేదట.